కాలనీకి సీఎస్ఆర్ కింద నీటి ప్లాంటు ఇస్తామంటున్నారు: తీసుకోవాలా, వద్దా?

బొల్లారం కార్యదర్శి
శనివారం, రాత్రి 9:20

బొల్లారం పారిశ్రామికవాడకు కిలోమీటరున్నర దూరంలో మా కాలనీ ఉంది. నేను సంక్షేమ సంఘం కార్యదర్శిని. పోయిన వారం ఒక మందుల కంపెనీ తరఫున ఇద్దరు వచ్చారు. కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులతో గంటకు వెయ్యి లీటర్ల ఆర్వో ప్లాంటు పెట్టిస్తామన్నారు. ఏడాదికి రెండు వైద్య శిబిరాలు, పార్కులో 500 మొక్కలు కూడా ఇస్తామన్నారు. మేము ఇవ్వాల్సింది ప్లాంటుకు కొంచెం స్థలం, సంఘం తరఫున ఒక అంగీకార పత్రం.

ఆ పత్రం నమూనా చదివినప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. నాలుగో పేరాలో 'కంపెనీ కార్యకలాపాల వల్ల కాలనీవాసులకు ఎటువంటి ఇబ్బందీ లేదు' అని ఒక వాక్యం ఉంది. చలి మొదలైన దగ్గర నుంచి రాత్రి పదకొండు దాటితే మేము కిటికీలు తెరవలేకపోతున్నాం. కొన్ని రాత్రులు కుళ్లిన క్యాబేజీ వాసన, కొన్ని రాత్రులు నెయిల్ పాలిష్ లాంటి ఘాటు. అది వీళ్ల కంపెనీదే అని నేను అనలేను, ఆ దిక్కున చాలా కంపెనీలున్నాయి. కానీ ఇబ్బంది లేదని సంతకం ఎలా పెట్టను? ఇంకోవైపు మా బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మోతాదు) 1,400. సగం ఇళ్లవాళ్లు రోజూ క్యాన్లు కొంటున్నారు. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. తెలిసినవారు చెప్పండి.

లెక్కల పుస్తకం
శనివారం, రాత్రి 10:05

కార్యదర్శి గారూ, ఆ వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. మిగిలినవన్నీ దాని తర్వాతి మాటలు.

నేను కంపెనీ సెక్రటరీగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. వచ్చినవారు మీకు దానం చేయడానికి వచ్చినట్టు మాట్లాడి ఉంటారు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. అంటే ఆ డబ్బులో మీ చుట్టుపక్కల ప్రాంతానికి చట్టం ఇచ్చిన ప్రాధాన్యం ఉంది. మొహమాటపడాల్సిన పని లేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. వేరే ఏ చట్టం కింద అయినా కంపెనీ తప్పనిసరిగా చేయాల్సిన పనిని సీఎస్ఆర్ ఖర్చుగా చూపించుకోకూడదని నిబంధనల్లోనే ఉంది. వ్యర్థ జలాలను శుద్ధి చేయడం 1974 నీటి చట్టం కింద వారి బాధ్యత. గాలిలోకి వదిలే వాయువులు 1981 వాయు చట్టం కింద వారి బాధ్యత. కాబట్టి మీ ప్లాంటు ఒక ఖాతా, మీ కిటికీలోంచి వచ్చే వాసన వేరే ఖాతా. ఈ ఖాతాలో జమ చూపించి ఆ ఖాతాలో బాకీ కొట్టేయడం కుదరదు. నాలుగో పేరా చేయాలనుకుంటున్నది సరిగ్గా అదే.

రాత్రి షిఫ్టు
శనివారం, రాత్రి 11:30

నేను ఆ చుట్టుపక్కలే అద్దెకుంటున్నాను. మా ఆయన పారిశ్రామికవాడలో కాంట్రాక్టు కార్మికుడు. పెద్దలందరూ సెక్షన్లు చెబుతున్నారు, మంచిదే. నేను రోజూ రెండు క్యాన్లు కొంటాను, నెలకు ఎంతవుతుందో మీరే లెక్కవేసుకోండి. ప్లాంటు వస్తే ఆ డబ్బు పిల్లల ఫీజుకు మిగులుతుంది. వాసన గురించి మీరు ఎక్కువ గొడవ చేసి కంపెనీ మూతపడితే మొదట ఇంటికొచ్చేది మా ఆయన. సొంత ఇళ్లున్నవాళ్లు కూర్చుని నీళ్లు వద్దని తీర్మానం చేస్తే మాలాంటివాళ్లను అడిగినట్టా? దయచేసి నీళ్లు వద్దనకండి.

శుద్ధి ఇంజినీరు
ఆదివారం, ఉదయం 6:45

అమ్మా, మీరు చెప్పింది న్యాయం. నీళ్లు వద్దని ఇక్కడ ఎవరూ అనకూడదని నా అభిప్రాయం కూడా. ఏ నీళ్లు, ఎవరి చేతిలో, ఎన్నేళ్లు అన్నదే చూడాలి.

నేను పదిహేనేళ్లు వ్యర్థ జలాల శుద్ధి విభాగంలో పనిచేశాను. ముందు ఆర్వో సంగతి. అది నీటిలో కరిగిన లవణాలను బాగా తీస్తుంది. మీ 1,400 టీడీఎస్ సులభంగా వందకు దిగుతుంది, నీరు తియ్యగా ఉంటుంది. కానీ చిన్న అణువులున్న కొన్ని ద్రావకాలను (సాల్వెంట్లను) ఆర్వో పొర పూర్తిగా ఆపలేదు. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ వడపోత ఉండాలి, ఆ కార్బన్‌ను వేళకు మార్చాలి. పారిశ్రామికవాడ పక్క బోరును టీడీఎస్ మీటరుతో కొలిచి బాగుందనుకోవడం పొరపాటు. టీడీఎస్ అంటే కరిగిన పదార్థాల మొత్తం బరువు మాత్రమే, అందులో ఏమున్నదీ అది చెప్పదు. ప్లాంటు పెట్టకముందే బోరు నీటిని గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపి భార లోహాలు, నైట్రేట్, సేంద్రియ రసాయనాలు చూడమని అడగండి. నమూనా తీసేటప్పుడు మీ మనిషి దగ్గరుండాలి. బోరు పనికిరాదని తేలితే నల్లా నీటితో ప్లాంటు నడపమనండి.

ఇంకొకటి, సగానికి సగం లెక్కన వెయ్యి లీటర్ల మంచినీటికి ఇంకో వెయ్యి లీటర్లు వదిలేయాలి. మీ లవణాలన్నీ ఆ వదిలేసిన నీటిలోకి చేరి టీడీఎస్ 2,700 దాకా పోతుంది. దాన్ని కాలనీలోనే ఇంకుడు గుంతలోకి పంపితే మళ్లీ మీ బోరులోకే వస్తుంది. నేను చూసిన ఉచిత ప్లాంట్లలో ఎక్కువ భాగం రెండో ఏడాది పొరలు మార్చే దిక్కులేక ఆగిపోయాయి. షట్టర్ మీద కంపెనీ పేరు మాత్రం అలాగే ఉంటుంది. చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మందుల ముడిపదార్థాలు తయారుచేసే కంపెనీలో గాఢమైన వ్యర్థ జలాలను మొదట స్ట్రిప్పర్‌లోకి పంపి ద్రావకాలను వేరుచేస్తారు. తర్వాత ఆవిరి యంత్రాల్లో మరిగించి నీటిని ఆవిరి చేస్తారు. చివరికి మిగిలే ఉప్పును దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఈ పని అంతటికీ బాయిలర్ ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గు కావాలి, బొగ్గుకు డబ్బు కావాలి. అందుకే కక్కుర్తిపడేవాడు అర్ధరాత్రి ట్యాంకరుతో నాలా వెతుక్కుంటాడు, లేదా వాననీటితో పాటు వదిలేయడానికి వాన ఎప్పుడొస్తుందా అని చూస్తాడు. మీరు కంపెనీని ఒక్క ప్రశ్న అడగదలిస్తే ఇది అడగండి: గత ఆరు నెలల్లో ఎన్ని కిలోలీటర్ల గాఢ వ్యర్థ జలం వచ్చింది, ఆవిరి యంత్రం ఎన్ని గంటలు నడిచింది, దుండిగల్‌కు ఎన్ని టన్నుల ఉప్పు వెళ్లింది? మూడు అంకెలు ఒకదానికొకటి సరిపోతే కంపెనీ నిజాయితీగా నడుస్తోందని నేనే చెబుతాను.

ధరణినగర్
ఆదివారం, ఉదయం 8:10

వాన కోసం చూస్తారన్న మాట మా ధరణినగర్‌వాళ్లకు కొత్త కాదు. పరికి చెరువు కాలువలోంచి తెల్లటి నురగ మా ఇళ్ల మధ్యకు వచ్చి గేట్ల ఎత్తున నిలబడిన రోజులున్నాయి. పత్రికల్లో ఫొటోలు చూసే ఉంటారు. పిల్లలు మంచు అనుకుని ఆడుకోబోతే చేయి పట్టి లాక్కొచ్చాం.

నక్కవాగు
ఆదివారం, ఉదయం 11:40

మాది నక్కవాగు ఒడ్డు ఊరు. నాకిప్పుడు 58 ఏళ్లు. చిన్నప్పుడు ఆ వాగులో ఈత కొట్టాను. అది మంజీరలో కలిసేదాకా ఒడ్డు పొడవునా వరి ఉండేది, మా నాన్న రెండు పంటలు తీసేవాడు. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీలు పెరిగాక నీటి రంగు మారింది. ముందు చేపలు పోయాయి, తర్వాత గేదెలు బక్కచిక్కిపోయాయి, తర్వాత పైరు. ఈ వరుసను నేను పుస్తకంలో చదవలేదు.

1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు గారు మా ఊళ్ల కోసం దశాబ్దాల పాటు కోర్టులు, కార్యాలయాలు తిరిగారు. ఆ మహానుభావుడి రుణం మేము తీర్చుకోలేం. నష్టపరిహారం కొంత వచ్చింది. కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నీటిని వాగులోకి వదలకుండా, హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి చేరేలా గొట్టం వేశారు. అక్కడ నగరపు మురుగుతో కలిపి శుద్ధి చేసి మూసీలోకి వదలాలని ఏర్పాటు. మా వాగుకు కాస్త ఊపిరి ఆడింది, నిజమే. అక్కడ మూసీ కింద పశుగ్రాసం, ఆకుకూరలు పండించే రైతు ముఖం మాత్రం నాకు గుర్తుకొస్తూనే ఉంటుంది.

సీఎస్ఆర్ కింద మా ఊరికి బడి బల్లలు వచ్చాయి, బస్సు ఆగేచోట షెడ్డు వచ్చింది. మంచి షెడ్డు, వానకు తడవం. అందులో కూర్చుంటే ఎదురుగా మా బీడు పొలం కనిపిస్తుంది. కార్యదర్శి గారూ, తీసుకునేది తీసుకోండి, కానీ మీ నోరు మాత్రం వాళ్లకు రాసివ్వకండి. మా ఊరి పెద్దలు ఒకసారి అలా రాసిచ్చారు. తర్వాత మేము ఫిర్యాదుకు వెళ్లిన ప్రతిసారీ ఆ కాగితమే ముందు పెట్టారు.

ఛాతీ వైద్యురాలు
ఆదివారం, మధ్యాహ్నం 3:15

రాత్రిపూటే, చలికాలంలోనే వాసన ఎందుకు ఎక్కువో ముందు చెబుతాను. పగలు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, వాయువులు చెదిరిపోతాయి. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, దాని మీద వెచ్చని పొర మూతలా నిలుస్తుంది. కింద వదిలినది కిందే ఉండిపోతుంది. అందరూ అనుకున్నట్టు దొంగచాటుగా రాత్రి వదలడమే కారణం కాకపోవచ్చు, పగలూ రాత్రీ ఒకే మోతాదులో వదిలినా రాత్రే మనకు తగులుతుంది. ఇది ఎవరినీ వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. ఫిర్యాదులో సరైన మాట రాయాలి కదా.

కుళ్లిన క్యాబేజీ వాసన సాధారణంగా గంధకం ఉన్న సేంద్రియ పదార్థాలది, అవి చాలా తక్కువ మోతాదులోనే ముక్కుకు తెలుస్తాయి. నెయిల్ పాలిష్ వాసన ఎసిటోన్, ఇథైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలది. కానీ ముక్కును మీటరులా నమ్మవద్దు. కొంతసేపటికి అలవాటుపడిపోతుంది, వాసన తగ్గిందనుకుంటాం. మందుల తయారీలో వాడే డైక్లోరోమీథేన్ శరీరంలోకి వెళ్లాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుండె జబ్బు ఉన్నవారికి అది మంచిది కాదు.

ఇస్తామన్న వైద్య శిబిరం గురించి నాకు కోపంగానే ఉంది. నేను అలాంటి శిబిరాల్లో కూర్చున్నాను. బీపీ, షుగర్ చూసి, విటమిన్ మాత్రలిచ్చి, ఫొటో తీసి పంపిస్తారు. మీ కాలనీకి కావాల్సింది అది కాదు. పిల్లలకు, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష చేయాలి. అదే పరీక్ష పారిశ్రామికవాడకు దూరంగా, ఇలాంటి ఆదాయమే ఉన్న మరో కాలనీలో కూడా చేయాలి. లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. ఏటా ఒకే నెలలో, అదే మనుషులకు చేయాలి. ఫలితాలు కాలనీ చేతికి రావాలి. రాత్రి షిఫ్టు గారూ, మీ వారికి ఈ పరీక్ష అందరికంటే ముందు చేయించాలి. మనకు కిలోమీటరున్నర దూరంలో తగిలేది ఆయనకు చేతికందే దూరంలో ఉంటుంది.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల నీరు అక్కడికి వచ్చేది. శుద్ధి చేశాక కూడా లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అటువంటి నీటిలో బతికి బయటపడే బ్యాక్టీరియా మందుకు లొంగనిది అవుతుంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌కు మామూలు మాత్ర పనిచేయక ఆస్పత్రిలో చేరే రోగులను చూసినప్పుడల్లా ఈ రెండు తేదీలు నాకు గుర్తొస్తాయి. ఏ ఒక్క రోగి విషయంలోనూ కారణం ఇదే అని నేను నిరూపించలేను. దీని బరువు ఏ కంపెనీ ఖాతాలోనూ పడకపోవడానికి అదే కారణం.

ప్రాజెక్టు డెస్కు
ఆదివారం, రాత్రి 8:50

నేను ఒక కంపెనీలో సీఎస్ఆర్ విభాగంలో పనిచేస్తున్నాను, మందుల కంపెనీ కాదు. ఇక్కడ చదివినవాటికి చాలావరకు తలవంచుతున్నాను. అయినా మా వైపు మాట కూడా వినండి. మా డబ్బుతో ప్రభుత్వ ఆస్పత్రికి డయాలసిస్ యంత్రాలు వెళ్లాయి, ఆడపిల్లల బడుల్లో మరుగుదొడ్లు కట్టాం. అవి ఎవరినీ మోసం చేయడానికి కట్టినవి కావు. ఫ్యాక్టరీ గొట్టం మీద మాకు ఏ అధికారమూ లేదు. అది వేరే భవనం, వేరే అధికారి.

లోపం ఎక్కడుందో చెబుతాను. మార్చి 31 లోపు ఖర్చు చూపించాలన్న తొందరలో తేలికగా ఫొటో తీయగలిగినవే ఎంచుకుంటాం: ప్లాంటు, మొక్కలు, శిబిరం. మొక్క నాటిన సంఖ్య నివేదికలోకి వెళ్తుంది, బతికిన సంఖ్య వెళ్లదు. బయటి సంస్థతో ప్రభావ మదింపు చేయించాలన్న నిబంధన ఉంది గానీ, సగటున ఏటా 10 కోట్లు, అంతకు మించి ఖర్చు చేయాల్సిన కంపెనీలకు, అదీ కోటి రూపాయలు, అంతకు పైబడిన ప్రాజెక్టులకే. మీ ఆర్వో ప్లాంటు ఆ గీతకు ఎప్పుడూ కిందే ఉంటుంది. అది నడుస్తోందా లేదా అని చట్టప్రకారం వచ్చి చూసేవారు లేరు. కానీ మూడేళ్ల దాకా సాగే ప్రాజెక్టుగా ఆమోదించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. డాక్టర్ గారు చెప్పిన ఊపిరితిత్తుల పరీక్షలను అలా అడగండి. గాలి నాణ్యత కొలిచే యంత్రం కూడా అడగవచ్చు, నేల, నీరు, గాలి నాణ్యతను కాపాడే పనులు కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో, అంటే సీఎస్ఆర్ కింద చేయదగిన పనుల జాబితాలో ఉన్నాయి.

నక్కవాగు
ఆదివారం, రాత్రి 9:30

కొలిచే యంత్రం కొలవబడేవాడి డబ్బుతోనా? దాని అంకెను మేమెలా నమ్మాలి?

లెక్కల పుస్తకం
ఆదివారం, రాత్రి 9:55

మీ అనుమానం సరైనదే. దారి ఉంది. 2021 జనవరి సవరణ ప్రకారం సీఎస్ఆర్ డబ్బుతో ఏర్పడిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. రిజిస్టరైన సంస్థ పేరున గానీ, లబ్ధిదారుల సమష్టి పేరున గానీ, ప్రభుత్వ సంస్థ పేరున గానీ ఉండాలి. ప్లాంటును మున్సిపాలిటీ పేరున, గాలి యంత్రాన్ని ఏదైనా ప్రభుత్వ విశ్వవిద్యాలయం పేరున పెట్టమనండి. కొలిచేదీ, అంకె ప్రకటించేదీ వాళ్లే అయితే డబ్బిచ్చినవారి చేయి అక్కడికి చేరదు.

కంపెనీ స్టాక్ మార్కెట్లో నమోదై, పెద్ద వెయ్యి కంపెనీల్లో ఒకటైతే, ఏటా బాధ్యతాయుత వ్యాపార నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. 2022-23 నుంచి అది తప్పనిసరి. ఎంత నీరు తోడారు, ఎంత వదిలారు, వ్యర్థాలను ఏం చేశారు అన్న అంకెలు అందులో ఉంటాయి. సీఎస్ఆర్ పుస్తకంలో పిల్లల నవ్వుల ఫొటోలకంటే ముందు ఆ పేజీలు చదవండి.

శుద్ధి ఇంజినీరు
ఆదివారం, రాత్రి 10:20

కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన నిర్వహణ అనుమతి పత్రం కూడా సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఎంత ఉత్పత్తికి అనుమతి ఉందో, ఎంత వ్యర్థ జలానికి ఉందో అందులో రాసి ఉంటుంది. కేంద్ర మండలి 2009లో 88 పారిశ్రామిక ప్రాంతాలను అంచనా వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం 70.07 మార్కులతో తీవ్ర కాలుష్య జాబితాలో చేరింది. 70 దాటితే ఆ జాబితా. మీరు ఉంటున్నది అలాంటిచోట, అడగడానికి మీకు సందేహం అక్కర్లేదు.

బొల్లారం కార్యదర్శి
తర్వాతి సోమవారం, రాత్రి 10:40

సమావేశం నిన్న మూడున్నర గంటలు సాగింది. అద్దెకున్నవారిని కూడా పిలిచాం. నిజం చెప్పాలంటే ఇంతకుముందు ఎప్పుడూ పిలవలేదు. ఈ చర్చలో ఒక సోదరి అడిగిన తర్వాతే మాకు ఆ ఆలోచన వచ్చింది. ప్లాంటు కావాలని ఎక్కువమంది అన్నారు. నాలుగో పేరా వద్దని అందరూ అన్నారు. బోరు నీటి పరీక్ష ముందు, ప్లాంటు తర్వాత. ఆస్తి మున్సిపాలిటీ పేరున. ఐదేళ్ల నిర్వహణ, పొరలు, కార్బన్ మార్పు ఖర్చు కంపెనీదే. శిబిరానికి బదులు మూడేళ్ల ఊపిరితిత్తుల పరీక్షలు, మరో కాలనీతో పోల్చి. ఇంజినీరు గారి మూడు అంకెలు వేరే కాగితం మీద, ప్లాంటుతో ముడిపెట్టకుండా అడిగాం.

ఈ ఉదయం కంపెనీవారు వచ్చారు. నాలుగో పేరా అక్కడికక్కడే కొట్టేశారు. ఇంత తేలికగా కొట్టేయగలిగినది ముందు ఎందుకు పెట్టారని ఒక పెద్దాయన అడిగితే జవాబు రాలేదు. నిర్వహణకు మూడేళ్లు అన్నారు, మేము ఐదేళ్ల దగ్గరే ఉన్నాం. పరీక్షల సంగతి బోర్డు కమిటీలో పెడతామన్నారు. మూడు అంకెల కాగితాన్ని తీసుకుని, అందినట్టు సంతకం చేసి వెళ్లారు.

వాసన డైరీ మొదలుపెట్టాం: తేదీ, సమయం, ఎలాంటి వాసన, గాలి దిక్కు, ఎంతసేపు. మొదటి వీధికి నేను, రెండో వీధికి ఒక రిటైర్డ్ మాస్టారు. కాలనీలో పారిశ్రామికవాడ వైపు చివరన ఉన్న ఐదో వీధికి ఎవరూ దొరకలేదు.

రాత్రి షిఫ్టు
సోమవారం, రాత్రి 11:55

ఐదో వీధికి నేను రాస్తాను. మా ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా ఎలాగూ మెలకువగానే ఉంటాను. ఈ రాత్రి 11:30కి మొదలైంది, నెయిల్ పాలిష్ వాసన, ఉత్తరం గాలి. ఇంకా ఉంది.